ఆదివారం తూకం

చిట్టీ,

పాప కోసం రెండు గినీ పిగ్స్ తెచ్చావని మీ అమ్మ చెప్పింది, ఫోటోలు చూశాలే, ముద్దుగా ఉన్నాయి. మీ తమ్ముడు ఇంజినీరింగ్ హాస్టల్‌కి పోతూ ఓ జత నా నెత్తిన పెట్టి పోయాడు కదా, అప్పట్నుంచి తొమ్మిదేళ్ళుగా వీటితోనే నా కాపురం. అందుకే అడక్కపోయినా రాస్తున్నా, విసుక్కోకుండా చదువు.

ముందు కాటా సంగతి. వీటికి ఒంట్లో బాలేకపోతే దాచేస్తాయి, నలతగా కనపడితే గద్ద ఎత్తుకుపోతుందన్న భయం ఇంకా పోలేదు వాటికి. మా మొదటి దానికి దవడ పళ్ళు పెరిగిపోయి నమల్లేకపోయింది, నేనేమో గిన్నెలో మూతి పెట్టింది కదా తింటోందిలే అనుకున్నా, బొచ్చు నిండుగా ఉండటంతో చిక్కిపోయింది కూడా కనపళ్ళేదు, ఓ రోజు ఎత్తుకుంటే చేతికి ఎముకలే తగిలాయి. అప్పటికే ఆలస్యమైపోయింది. ఇక ఆ తర్వాత ప్రతి ఆదివారం పొద్దున మేత వెయ్యకముందే ప్లాస్టిక్ డబ్బాలో కూర్చోబెట్టి తూకం వేసి, క్యాలెండర్లో పాల లెక్క పక్కనే రాస్కుంటున్నా. పెద్దవి 700 నుంచి 1200 గ్రాముల దాకా ఉంటాయి, పోయిన వారంతో పోల్చి చూస్కో చాలు. 20, 30 గ్రాములు అటూ ఇటూ అవుతాయి, ఉచ్చ పోసినా తగ్గుతుంది. 50 తగ్గితే రోజూ తూకం వెయ్యి, 100 తగ్గితే డాక్టరు దగ్గరికే. అన్నట్టు, రెండూ ఆడవేనని షాపువాడు అన్నాడట కదా, నమ్మకు. మా రెండో జతా "ఆడవే", కాటాలో ఒకటి వారం వారం పెరిగిపోతోంటే బాగా తింటోందని మురిసిపోయా, రెండు నెలలకి బోనులో అయిదున్నాయి!

తూకం అయ్యాక ఒళ్ళో టవల్ వేసి కూర్చోబెట్టుకో. కంట్లోంచి అప్పుడప్పుడు పాలలాంటి చుక్క వస్తుంది, దాంతో మొహం కడుక్కుంటాయి, భయపడకు. పుసి కట్టినా, ముక్కు కారినా, ఊపిరిలో చప్పుడొచ్చినా మాత్రం మంచిది కాదు. దవడ పళ్ళు మనకి కనపడవు గానీ గడ్డం కింద తడిగా ఉంటే చొంగ కారుస్తోందని, అది పళ్ళ గొడవే. మెడ కింద, పొట్ట మీద గడ్డలేమైనా తగుల్తాయేమో తడిమి చూడు. బొచ్చు ఎదురు దువ్వి చర్మం చూడు, పొట్టు రాలుతూ పిచ్చిగా గోక్కుంటుంటే గజ్జి, గుండ్రంగా ఊడితే తామర, అది పాపకీ అంటుకుంటుంది. అరికాళ్ళు ఎర్రబడ్డాయేమో చూడు, జాలీ మీద ఉంచితే పుళ్ళు పడతాయి, మందంగా గుడ్డ పరువు. నల్ల గోళ్ళయితే వెనకనుంచి ఫోన్ టార్చి వేసి, రక్తం ఉన్నంతమేర వదిలేసి చివర్లు కత్తిరించు. వానాకాలం వెనక భాగం రోజూ చూడాలి, తడిగా ఉంటే ఈగలు గుడ్లు పెడతాయి, ఇక చెప్పను, అన్నం తింటూ చదువుతున్నావేమో.

రోజూ ఊడ్చేటప్పుడు పెంటికలు చూస్కో, చిన్నవైనా తక్కువైనా తిండి తగ్గినట్టే. ఓ పూటంతా ఏమీ ముట్టకపోతే తెల్లారేదాకా ఆగకు, పేగులు ఆగిపోతే ప్రాణం మీదికొస్తుంది. ఉచ్చ ఎండితే తెల్లటి పొడి కొంచెం మామూలే, ఎర్రగా పడినా, పోసేటప్పుడు కీచుమన్నా రాళ్ళేమో అనుకో.

మనలాగే వీటికీ విటమిన్ సి ఒంట్లో తయారవదు, రోజూ క్యాప్సికమ్ ముక్క, కాస్త కొత్తిమీర పెట్టు. నీళ్ళ సీసాలో చుక్కలు వేస్తే త్వరగా సత్తువ పోతుంది, డబ్బు దండగ. గడ్డి మాత్రం ఎప్పుడూ ఉండాలి, షాపుల్లో అమ్మే టిమోతి అనే ఎండుగడ్డి రేటు చూసి గుండె ఆగితే మందు కొట్టని చోట గరిక కోసి కడిగి వెయ్యి, వినాయకుడి వాహనానికి చుట్టాలేగా.

డాక్టరు కుక్కల్ని, పిల్లుల్ని మాత్రమే చూసేవాడైతే ఏ మందు ఇస్తున్నాడో ముందే అడుగు, అమాక్సిసిలిన్, పెన్సిలిన్ జాతి మందులు నోట్లో వేస్తే ఇవి చచ్చిపోవచ్చు. పాపకి మిగిలిన సిరప్ అసలు పట్టకు.

నా పాత కాటా మీ అమ్మతో పంపిస్తున్నా, బ్యాటరీలు వేస్కో.

పెద్దమ్మ