శాలువా వాళ్ళది, సొమ్ము మనదా?

ప్రశ్న: సార్, మా మామయ్య రిటైరైన లెక్కల మాస్టారు. మల్కాజిగిరిలో ఎన్నో ఏళ్ళుగా పైసా తీసుకోకుండా పిల్లలకి పాఠాలు చెబుతున్నారు. మొన్న ఆయనకి వాట్సాప్‌లో ఒక లెటర్ వచ్చింది. గౌరవ డాక్టరేట్‌కి ఎంపికయ్యారట, గౌనుకీ సర్టిఫికెట్‌కీ 35 వేలు కట్టాలట. గాజులు తాకట్టు పెట్టైనా కడదామంటోంది అత్తయ్య. కట్టమంటారా?
– ఒక మేనల్లుడు, నల్లకుంట

జవాబు: కట్టొద్దు. గాజులు అత్తయ్యగారి చేతికే ఉండనివ్వండి. అసలు యూనివర్సిటీలో ఇది ఎలా జరుగుతుందంటే, ముందు పాలకమండలి ఒక పేరు అనుకుని తీర్మానం చేస్తుంది, మన రాష్ట్ర యూనివర్సిటీలకైతే ఛాన్సలర్ హోదాలో గవర్నర్ సరేననాలి, అప్పుడు స్నాతకోత్సవంలో ఆ మనిషి చేసిన పనేంటో అందరికీ చదివి వినిపించి పట్టా చేతికిస్తారు. పుచ్చుకునేవాళ్ళకి అయ్యే ఖర్చేదైనా ఉంటే అది చొక్కా ఇస్త్రీ ఖర్చే.

మన ఉస్మానియానే చూడండి. 1918లో మొదలైన యూనివర్సిటీ, 2022 దాకా గౌరవ డాక్టరేట్ ఇచ్చింది యాభై మందికి కూడా కాదు. 2001 తర్వాత 21 ఏళ్ళు ఎవరికీ ఇవ్వలేదు. 2022 ఆగస్టులో అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణకి ఇచ్చారు, మరుసటేడు అడోబ్ సీఈఓ శంతను నారాయణ్‌కి (ఆయన అక్కడే ఇంజనీరింగ్ చదివారు, అంటే పాత విద్యార్థే). 1938లో రవీంద్రనాథ్ ఠాగూర్‌కి ఇచ్చారు, క్యాంపస్‌లో ఆడిటోరియానికి ఆయన పేరే ఉంది. ఇక 1953 జనవరి 12న అంబేద్కర్‌కి. కొలంబియా పీహెచ్‌డీ, లండన్ డీఎస్సీ (డాక్టర్ ఆఫ్ సైన్స్) ఆయన కూర్చుని చదివి, థీసిస్ రాసి తెచ్చుకున్నవి. 1952లో కొలంబియా, ఆ తర్వాత ఉస్మానియా ఇచ్చినవి మాత్రం చేసిన పనికి వెతుక్కుంటూ వచ్చినవి.

మీ మామయ్యగారికి వచ్చిన లెటర్ లాంటిదే నా స్నేహితుడొకరికి వస్తే, తోడుగా నేనూ వెళ్ళాను. ఒక హోటల్ హాలు. నలభై మందికి పైనే 'డాక్టర్లు', గౌన్లేమో పదో పన్నెండో. స్టేజీ ఒక పక్క దిగినవాళ్ళు గౌను విప్పి ఇస్తుంటే, ఇంకో పక్క ఎక్కేవాళ్ళు తొడుక్కుంటున్నారు. మావాడి వంతు వచ్చేసరికి కాలర్ చెమటకి తడిసిపోయి ఉంది, ఫొటోలో అదే కనిపిస్తుంది.

చట్టం సంగతి కూడా చెబుతాను. 1956 నాటి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) చట్టం 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు చట్టం ద్వారా ఏర్పడిన యూనివర్సిటీలకీ, డీమ్డ్ యూనివర్సిటీలకీ, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకీ మాత్రమే ఉంది. ట్రస్టులూ అకాడమీలూ ఇవ్వకూడదు. ఇస్తే ఆ చట్టంలో జరిమానా ఎంతో తెలుసా? మహా అయితే వెయ్యి రూపాయలు! అందుకే వాళ్ళకి భయం లేదు. లెటర్‌లో ఉన్న పేరు యూజీసీ వెబ్‌సైట్‌లో యూనివర్సిటీల జాబితాలో ఉందో లేదో చూడండి, నకిలీల జాబితా కూడా అక్కడే పెడతారు.

ప్రశ్న: పాత పుస్తకాల అట్టల మీద 'కళాప్రపూర్ణ' అని ఉంటుంది. అది బిరుదా, డిగ్రీయా?
– ఒక పాఠకురాలు, చిక్కడపల్లి

జవాబు: ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అంటే ఆంధ్రా యూనివర్సిటీ, ఇచ్చిన గౌరవ పట్టా అమ్మా, ఊళ్ళో సభ పెట్టి ఇచ్చే బిరుదు కాదు. 1938లో అది గిడుగు రామమూర్తి పంతులుగారికి ఇచ్చారు. పర్లాకిమిడిలో బడిపంతులు ఆయన. సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైన్‌తో చెవులు పోయాయి. ఇంకోపక్క గ్రాంథికంతో పోరు. ఈ జవాబు నేను మామూలు మాటల్లో రాస్తున్నానన్నా, మీరు చదువుతున్నారన్నా అందులో ఆయన వాటా ఉంది.

ప్రశ్న: మా నాన్నగారికి నిజం యూనివర్సిటీయే గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. చెల్లి పెళ్ళి కార్డులో పేరు ముందు 'డాక్టర్' అని వేయించొచ్చా?
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: చాలామంది వేసుకుంటున్నారు గానీ అది పద్ధతి కాదు. పేరు తర్వాత 'గౌరవ డాక్టరేట్ గ్రహీత' అని వేయించండి, బాగుంటుంది. కార్డులు ప్రింటింగ్‌కి ఇచ్చేశారా? ఇవ్వకపోతే ఈ పూటే ఫోన్ చేసి మార్పించండి.