పాఠకుల ప్రశ్నలు: ఇంట్లో ఉన్న రోమన్ నాణేన్ని గుర్తించడం, విలువ కట్టడం

ప్రశ్న: మా తాతగారి ఇనప్పెట్టెలో ఒక వెండి నాణెం కనిపించింది. ఒక వైపు తలకు ఆకుల దండ చుట్టుకున్న పురుషుడి ముఖం, రెండో వైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ ఉన్నారు. చుట్టూ ఇంగ్లీషు అక్షరాల వంటివి ఉన్నాయి. తూకం 3.7 గ్రాములు. మా ఊరి కంసాలి వెండి ధర కట్టాడు. మరొకాయన లక్షలు పలుకుతుందన్నాడు. ఎవరి మాట నమ్మాలి? (ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా)

జవాబు: ఇద్దరి మాటా పక్కన పెట్టి, ముందు నాణెం చెప్పేది వినండి. మీ వర్ణన రోమన్ చక్రవర్తి టైబీరియస్ కాలపు డెనారియస్ అనే వెండి నాణేనికి సరిపోతోంది. ఆయన క్రీ.శ. 14 నుంచి 37 వరకు పాలించాడు. బొమ్మ వైపు అక్షరాలను భూతద్దంతో ఒక్కొక్కటిగా చూసి కాగితం మీద రాసుకోండి. రోమన్లు పదాల మధ్య ఖాళీ వదిలేవారు కారు, పదాలను కుదించేవారు, ‘యు’ ఉండవలసిన చోట ‘వి’ చెక్కేవారు. అందువల్ల ‘ఏ, వి, జి’ అని కనిపిస్తే అది అగస్టస్ అనే బిరుదుకు పొట్టి రూపం. మీ నాణెం మీద ఉండవలసిన వాక్యానికి ‘దివ్యుడైన అగస్టస్ కుమారుడు టైబీరియస్ సీజర్ అగస్టస్’ అని అర్థం. బొరుసు వైపు స్త్రీకి ఎడమ పక్క ‘పాంటిఫ్’, కుడి పక్క ‘మాక్సిమ్’ అని ఉండాలి. అది ప్రధాన పురోహితుడనే పదవి పేరు. ఆమె ఒక చేత రాజదండం, మరో చేత కొమ్మ పట్టుకుని ఉంటుంది. కుర్చీ కాళ్లు సాదాగా ఉన్నాయా, నగిషీతో ఉన్నాయా అన్నది కూడా చూడండి. ఈ రకంలోనే ఉపభేదాలను ఆ కాళ్లను బట్టి విడదీస్తారు. ఈ వివరాలతో అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచిన రోమన్ నాణేల జాబితాలో వెతికితే మీ నాణెం పోలికలు దొరుకుతాయి.

ఇక అది అసలుదేనా అన్న సంగతి. అసలు నాణేన్ని రెండు అచ్చుల మధ్య వెండి బిళ్ల పెట్టి సుత్తితో కొట్టి తయారుచేశారు. నేటి నకిలీల్లో చాలావరకు పోతపోసినవి. కనుక అంచు చుట్టూ సన్నని అతుకు గీత ఉందా, దాన్ని ఆకురాయితో అరగదీసిన జాడ ఉందా, అక్షరాల మొదళ్లలో బుడగల వంటి గుంటలు ఉన్నాయా అని పరిశీలించాలి. తూకం అనుకూలంగానే ఉంది. ఆ కాలపు మంచి డెనారియస్ 3.6 నుంచి 3.9 గ్రాముల మధ్య తూగుతుంది, క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి తూకాన్నీ వెండి పాలునూ తగ్గించిన తరువాతి నాణేలు ఇంకా తేలికగా ఉంటాయి. నాణేన్ని సన్నని దారంతో కట్టి నీటిలో వేలాడదీసి మళ్లీ తూచండి. వెండి సాంద్రతను బట్టి 3.7 గ్రాముల నాణెం నీటిలో సుమారు 0.36 గ్రాముల మేర తేలికవాలి. అది 0.41 గ్రాముల దాకా పెరిగితే లోపల రాగి ఉన్నదని అనుమానించాలి. రాగి మీద వెండి రేకు తొడిగిన నాణేలు రోమన్ల కాలంలోనే చెలామణీ అయ్యాయి కాబట్టి, రాగి బయటపడినంత మాత్రాన అది నేటి మోసమని నిర్ణయించకూడదు. గీటురాయి మీద గీయడానికి మాత్రం కంసాలికి ఇవ్వవద్దు.

అక్షరాలు గజిబిజిగా, అర్థం లేకుండా ఉన్నా నిరాశపడకండి. రోమన్ నాణేలను చూసి మన దేశంలోనే ఆ కాలపు పనివారు అచ్చు వేసిన అనుకరణలు ఉన్నాయి, వాటికి తమదైన చారిత్రక విలువ ఉంది. మీ జిల్లా పేరు చూడగానే నాకు అక్కనపల్లి గుర్తుకు వచ్చింది. ఆ నల్లగొండ గ్రామంలో అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేల పెద్ద నిక్షేపం బయటపడింది. భారతదేశం వర్తకంలో ఏటా అయిదు కోట్ల సెస్టర్స్‌లకు (ఇవి రోమన్ నాణేలు) తగ్గకుండా రోమన్ ధనాన్ని లాగుకుంటోందని మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. ఆ వర్తకం మన నేలకూ చేరిందనడానికి ఇటువంటి నిక్షేపాలే సాక్ష్యం. అందుకే మీ తాతగారికి ఆ నాణెం ఎక్కడిదో ఇంట్లో పెద్దవారిని అడిగి, వారు చెప్పినది చెప్పినట్లుగా తేదీ వేసి రాసి ఉంచండి. పొలంలో దొరికినదని తేలితే, లంకెబిందెలకు వర్తించే 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం కింద కలెక్టరుకు తెలియజేయవలసిన బాధ్యత ఉంటుంది.

విలువ సంగతికి వస్తే, ఈ రకం అరుదైనది కాదు. బైబిల్‌లో ఏసుక్రీస్తుకు పన్ను గురించి చూపిన నాణెం ఇదేనన్న నమ్మకం వల్ల గిరాకీ మాత్రం ఎక్కువ. ముఖం స్పష్టంగా, అక్షరాలు బిళ్ల మీద పూర్తిగా పడి ఉన్నవి అంతర్జాతీయ వేలాల్లో సాధారణంగా కొన్ని వందల డాలర్లకు పోతాయి. లక్షల మాట నమ్మవద్దు. వెండి ధర మాట అసలే నమ్మవద్దు. అమ్మకందారులు అడిగే ధరలను కాక, వేలాల్లో నిజంగా పలికిన ధరలను, అదే రకం, అదే స్థితిలో ఉన్న నాణేలతో పోల్చి చూడాలి.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడి దుకాణంలో కొన్న చిన్న రాగి నాణేల్లో ఒకదాని మీద తోడేలు, దాని పాలు తాగుతున్న ఇద్దరు పిల్లలు ఉన్నారు. దాన్ని శుభ్రం చేయవచ్చునా? (ఒక పాఠకురాలు)

జవాబు: ఆ పిల్లలు రోము నగర స్థాపకులని పురాణం చెప్పే రోములస్, రీమస్. బొమ్మ వైపు శిరస్త్రాణం ధరించిన రోమా దేవత ఉంటుంది. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి క్రీ.శ. 330లో కొత్త రాజధానిని ప్రతిష్ఠించిన కాలంలో, పాత రోము గౌరవార్థం ఇవి వెలువడ్డాయి. తోడేలు కాళ్ల కింద ఉన్న చిన్న అక్షరాలను చదవండి. అవి టంకశాల గుర్తులు. ‘టి, ఆర్’తో మొదలైతే నేటి జర్మనీలోని ట్రియర్, ‘ఎస్, ఎం, ఏ, ఎన్’ అని ఉంటే నేటి టర్కీలోని ఆంటియోక్. ఇవి లెక్కలేనన్ని దొరుకుతున్నాయి కాబట్టి ధర తక్కువ. చింతపండు, నిమ్మరసం, ఇత్తడి సామాను తోమే పొడి దగ్గరికి రానివ్వకండి. ఆ ఆకుపచ్చని, గట్టి, నున్నని పొర నాణేనికి రక్షణ. అది పోతే అక్షరాలు పోతాయి, ధరా పోతుంది. అయితే వేలితో రాస్తే రాలిపోయే లేత పచ్చని పొడి మాత్రం లోహాన్ని తినే రోగం. అది కనిపిస్తే ఆ నాణేన్ని మిగిలినవాటి నుంచి వేరుచేసి, తేమ తగలకుండా ఉంచి, నిపుణుడికి చూపించండి. కొన్న రసీదును తప్పక దాచండి. సీజర్ హత్యకు గుర్తుగా, హంతకుల్లో ఒకడైన బ్రూటస్ వేయించిన బంగారు నాణెం ఒకటి 2020లో లండన్ వేలంలో ముప్ఫై లక్షల పౌండ్లకు పైగా పలికింది. దాని పూర్వ చరిత్ర కల్పితమని తేలడంతో 2023లో గ్రీసుకు తిరిగి అప్పగించవలసి వచ్చింది.

ప్రశ్న: మా ఇంట్లోని పాత రోమన్ బంగారు కాసును అమెరికాలోని అబ్బాయికి పంపి అక్కడ అమ్మించవచ్చునా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: వీలు కాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం; ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. అమ్మదలిస్తే పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు ఉన్నవారినే సంప్రదించండి. కాసు మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో పెట్టిన గాటు ఉంటే లోపమనుకుని చెరిపించవద్దు. తమిళనాడులోని పుదుక్కోట దగ్గర 1898లో దొరికిన 501 రోమన్ బంగారు నాణేల్లో చాలావాటికి అటువంటి గాటు ఉంది. మీ కాసు పూర్వం మన దేశంలో చెలామణీ అయినదనడానికి అది ఆధారం కావచ్చు.