మోట బావి కింద అప్పట్లో ఎన్ని ఎకరాలు పారేవి?

కనిగిరి, పొదిలి వైపు మెట్ట ఊళ్లలో 1900ల తొలినాళ్లలో ఒక జత ఎద్దులతో, ఒక మోటతో పారేది మామూలుగా రెండు మూడు ఎకరాలే. (1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఈ తాలూకాలు నెల్లూరు జిల్లాలోనివి.)

బావిలో నీళ్లున్నా తోడే ఓపికకు హద్దుంది. మోటనే కపిల అని కూడా అంటారు. ఎద్దులు పల్లపు బాటలో దిగుతూ మోకు లాగితే, తోలు తొండం తగిలించిన బాన గిలక మీదుగా పైకొచ్చి కాలువలో కుమ్మరిస్తుంది. బరువు కలిసిరావాలని తోలే మనిషి మోకు మీద కూర్చుంటాడు. తర్వాత ఎద్దులు మళ్లీ ఎగువకు రావాలి.

ఎకరాకు రెండు అంగుళాల తడి ఇవ్వాలంటే సుమారు 2 లక్షల లీటర్లు కావాలి. బానకు 150 లీటర్లు అనుకుంటే దాదాపు 1,350 సార్లు తోడాలి. నిమిషానికొకటి వచ్చినా 22 గంటల పైమాటే, అంటే రోజుకు ఏడు గంటల చొప్పున మూడు రోజులు దాటుతుంది. మూడో ఎకరా తడిసేసరికి మొదటి మడి బీటలు తీస్తుంటుంది. అందుకే బావి కింద రాగి, మిరప, ఉల్లి వేసి, మిగతా చేనంతా వానను నమ్మి జొన్న, సజ్జ, వరిగ చల్లేవారు.

ఆ రోజుల్లో భూమిలో నీళ్లు పుష్కలమని, బావులు ఎండేవే కాదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కరువు ఏళ్లలో అప్పుడూ బావులు అడుగంటేవి. కింద ఉన్నది ఇప్పటి రాతి నేలే. కాకపోతే మోట మూడు రోజులు తోడేదాన్ని మోటారు ఒక్క రోజులో లాగేయగలదు.