కండ కొలవడం వస్తేనే ఈ కొలువు

ప్రశ్న: మా అమ్మాయి విశాఖలో బీఎస్సీ న్యూట్రిషన్ ఆఖరి ఏడాది. నోటి క్యాన్సర్‌తో వాళ్ల మేనమామ చిక్కి సగమవడం చూసినప్పటి నుంచి క్యాన్సర్ ఆసుపత్రిలోనే డైటీషియన్‌గా చేస్తానంటోంది. డైట్ చార్ట్ రాసివ్వడానికి పీజీ కూడా ఎందుకండీ? బీఈడీ చేయిస్తే నయం కాదా? – ఒక తండ్రి, అనకాపల్లి

జవాబు: చార్ట్ రాసివ్వడమే పనైతే మీ సందేహం సబబే. కానీ నోరు, గొంతు క్యాన్సర్ల దగ్గర అసలు పని రోగి కండ కరిగిపోకుండా కాపాడటం. రేడియేషన్ సాధారణంగా 6–7 వారాలు నడుస్తుంది. రెండు మూడు వారాలకల్లా నోరు పూసి, లాలాజలం ఎండి, ముద్ద దిగదు. గుట్కా నమిలినవారిలో చాలామందికి అంతకుముందే నోరు సరిగా తెరుచుకోదు. కండ తక్కువున్న రోగుల్లో సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు దుష్ప్రభావాలు, ఆపరేషన్ తర్వాతి చిక్కులు ఎక్కువని, బతికే కాలమూ తగ్గుతోందని అధ్యయనాల్లో కనబడింది.

ఇక్కడ తూకాన్ని నమ్ముకుంటే మోసపోతాం. లావుపాటి మనిషిలో కొవ్వు చాటున కండ కరుగుతున్నా పైకి తెలియదు. అందుకే సీటీలో కొలుస్తారు. మామూలుగా నడుము దగ్గర మూడో పూస (ఎల్3) స్థాయిలో చూస్తారు. ఈ రోగులందరికీ పొట్ట సీటీ తీయరు కాబట్టి, ఎలాగూ తీసే మెడ స్కాన్‌లోనే మూడో పూస (సీ3) దగ్గర మెడ పక్క, వెన్ను పక్క కండరాల వైశాల్యం గీసి లెక్కగడతారు. సీటీలో కణజాలం ఎంత దట్టమో చెప్పే కొలమానం హౌన్స్‌ఫీల్డ్ యూనిట్. మైనస్ 29 నుంచి ప్లస్ 150 యూనిట్ల మధ్య పడిందే కండ. గడ్డ ఒకవైపు కండరంలోకి పాకితే ఆ వైపు వదిలేసి, బాగున్న వైపు కొలతను రెట్టింపు చేస్తారు. ఇది తెలియకపోతే గడ్డ కూడా కండ లెక్కలో కలిసిపోతుంది! స్కాన్ లేని రోజున చేతిపట్టు కొలిచే డైనమోమీటర్ ఉంది. ఆసియా ప్రమాణం ప్రకారం మగవారికి 28, ఆడవారికి 18 కిలోల లోపుంటే బలం తగ్గినట్టే.

ఇక తిండి. 60 కిలోల రోగికి రోజుకు 1,500–1,800 కేలరీలు, 70–90 గ్రాముల ప్రోటీన్ అందేలా చూడాలి. ఇంట్లోవాళ్లు ప్రేమగా పట్టేది రాగిజావ. 20 గ్రాముల పిండితో కాచిన గ్లాసుడు జావలో ప్రోటీన్ ఒకటిన్నర గ్రామే. కడుపు నిండుతుంది, కండ మాత్రం పోతూనే ఉంటుంది. ఆ సంగతి వాళ్ల మనసు నొప్పించకుండా చెప్పి, గుడ్డు, పాలు, పప్పు మెత్తగా చేసి పట్టించడం, అదీ దిగకపోతే రైల్స్ ట్యూబుకు (ముక్కులోంచి కడుపులోకి వేసే ఆహార గొట్టం) ఒప్పించడం ఈ ఉద్యోగంలో సగం. రోజుల తరబడి తినని మనిషికి ఒక్కసారిగా పూర్తి ఆహారం ఎక్కిస్తే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పొచ్చు. పీజీ ఎందుకన్నారుగా, ఇందుకే.

దారి సంగతి: ఫుడ్స్ అండ్ న్యూట్రిషన్‌లో గానీ డైటెటిక్స్‌లో గానీ ఎమ్మెస్సీ, ఆసుపత్రిలో 6 నెలల ఇంటర్న్‌షిప్, ఆపైన ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ నిర్వహించే రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష. పరిశోధన ఇష్టమైతే హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో అప్లైడ్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీ ఉంది. మొదట్లో జీతం తక్కువే, దానికి సిద్ధపడండి. బీఈడీ ఎక్కడికీ పోదు, తర్వాతైనా చేయొచ్చు.

ఇంటర్న్‌షిప్‌కు పేరున్న కార్పొరేట్ ఆసుపత్రి కన్నా రేడియేషన్ రోగులు రోజూ వచ్చే చోటు మేలని నా అభిప్రాయం. మీకు దగ్గర్లో అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఎక్కడికెళ్లినా చేరేముందు రెండు సంగతులు అడగమనండి: అక్కడి ఇంటర్న్‌షిప్ రిజిస్ట్రేషన్‌కు చెల్లుతుందా, రేడియేషన్ తీసుకునే ప్రతి రోగినీ డైటీషియన్ వారానికోసారైనా చూస్తారా.