ఎదురుగా మాజీ సైనికుల శ్మశానవాటిక: ఇల్లు కొన్నవాళ్ల సందేహాలు

ప్రశ్న: కాలిఫోర్నియాలో కొత్త కాలనీలో ఇల్లు బుక్ చేసుకున్నాం. రోడ్డుకి అవతలే మాజీ సైనికుల శ్మశానవాటిక ప్రతిపాదన వచ్చింది. కాలనీ రెండుగా చీలిపోయింది. సైనికులంటే మాకూ గౌరవమే. కానీ ఇంటి ధర పడిపోతుందేమోనని దిగులు. హియరింగ్‌లో ఏం మాట్లాడితే లెక్కలోకి వస్తుంది?

జవాబు: ధర గురించి మాట్లాడే హక్కు మీకుంది. అయితే 'సీక్వా' అనే రాష్ట్ర పర్యావరణ చట్టం కింద ఆర్థిక నష్టం ఒక్కటే పర్యావరణ ప్రభావం కిందికి రాదు. శ్మశానం పక్కన ఉండటం ఇష్టం లేదన్న మాటా అంతే. రికార్డులో నిలిచేవి మట్టి, నీరు, ట్రాఫిక్, శబ్దం, ప్రత్యామ్నాయ స్థలాలు.

ముందు నేల సంగతి అడగండి. ఇప్పటి వాటికల్లో చాలాచోట్ల శవపేటికలు ఉంచే కాంక్రీటు పెట్టెలను ముందే వరసగా భూమిలో దించేస్తారు. భూగర్భజలం పైపైనే ఉన్నా, అడుగున కంకర పొర, నీరు పోయే దారి సరిగా లేకున్నా వాటిలోకి నీరు చేరుతుంది. బోరింగ్ పరీక్షలు ఎన్నిచోట్ల, ఏ కాలంలో చేశారో నివేదికలో ఉండాలి. పాత సైనిక స్థావరమైతే పని ఇంకా పెరుగుతుంది. దక్షిణ కాలిఫోర్నియాలోని అర్వైన్ నగరంలో 1999లో మూసేసిన ఎల్ టోరో వైమానిక స్థావరం నేలలోనే ఇలాంటి వాటికను ప్రతిపాదించారు. అక్కడి భూగర్భజలంలో ద్రావకాల కాలుష్యం ఉంది. రన్‌వే కాంక్రీటు, పాత భవనాలు తొలగించాల్సి ఉండేది. కూల్చేటప్పుడు దుమ్ము, ఆస్‌బెస్టాస్, లారీల దారి, పని వేళలు ఇవన్నీ రాతపూర్వకంగా అడగాల్సినవే. అక్కడ ఆ స్థలాన్ని వేరే స్థలంతో మార్చుకునే ప్రతిపాదన 2018 జూన్‌లో ఓటుకు వెళ్లి ఓడిపోయింది. ఆ తర్వాత అనాహైమ్‌లోని జిప్సమ్ కాన్యన్ వైపు దృష్టి మళ్లింది.

ట్రాఫిక్ లెక్క మామూలు రోజుది చూపిస్తే ఒప్పుకోకండి. మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే, నవంబర్ 11 నాటి వెటరన్స్ డే రద్దీకి విడిగా ప్లాన్ కోరండి. గౌరవ వందనంలో మూడుసార్లు తుపాకులు పేలుస్తారు, బ్యూగిల్ ఊదుతారు. అది కొద్ది నిమిషాల వ్యవహారం. దాన్ని పెద్ద అభ్యంతరం చేస్తే మిగతా మాటల బరువు తగ్గుతుంది.

మేడమీది కిటికీలోంచి ఏం కనిపిస్తుందన్నదీ అడగండి. సమాధి తలవైపు నిలిపే పాలరాయి 42 అంగుళాల పొడవు, 13 అంగుళాల వెడల్పు ఉంటుంది, కొంతభాగం నేలలోకి పోతుంది. ఇళ్ల వైపు సరిహద్దులో నేలమట్టంగా పరిచే ఫలకాలు, చెట్ల వరస పెట్టమనండి. ఇది ఒప్పించదగిన కోరిక.

ప్రశ్న: గడువులు ఎలా ఉంటాయి?

జవాబు: పూర్తి పర్యావరణ ప్రభావ నివేదిక ముసాయిదా మీద అభిప్రాయాలు చెప్పడానికి సాధారణంగా 45 రోజులు ఇస్తారు. మామూలు సమావేశం అజెండా 72 గంటల ముందు అంటించాలి. మైకు దగ్గర చాలాచోట్ల మూడు నిమిషాలే దొరుకుతాయి కాబట్టి అసలు వాదన ఉత్తరంగా ఇవ్వండి. ఆమోదానికి ముందు ఎవరూ లేవనెత్తని అంశాన్ని తర్వాత కోర్టులో పట్టుకోలేరు. నిర్ణయ నోటీసు వేశాక సీక్వా దావాకి గడువు 30 రోజులే.

ప్రశ్న: ఖర్చంతా కేంద్రం భరిస్తుందంటున్నారు, నిజమేనా?

జవాబు: సగమే నిజం. రాష్ట్ర వాటికల నిర్మాణ వ్యయంలో నూటికి నూరు వరకు ఫెడరల్ వెటరన్స్ శాఖ గ్రాంటుగా ఇవ్వగలదు. భూమి ఖరీదు ఇవ్వదు. తర్వాతి నిర్వహణ రాష్ట్రానిదే. గడ్డికి నీళ్లు, సిబ్బంది ఖర్చు ఏటా ఎక్కణ్ణుంచి వస్తుందో అడగడం సైనిక కుటుంబాలకూ మేలే. నిధుల్లేక ఎండిపోయిన వాటిక వాళ్లకే ఎక్కువ బాధ.

ప్రశ్న: మా అత్తగారు ఎదురుగా శ్మశానం ఉన్న ఇంట్లో అడుగుపెట్టనంటున్నారు. బుకింగ్ వదులుకోవచ్చా?

జవాబు: ఇంట్లో పెద్దావిడకి మనసొప్పకపోతే అది చిన్న విషయం కాదు. ముందు బిల్డర్ ఇచ్చిన పబ్లిక్ రిపోర్టు (కాలనీ గురించి రాష్ట్ర రియల్ ఎస్టేట్ శాఖ జారీ చేసే నివేదిక), మీరు సంతకం చేసిన డిస్‌క్లోజర్లు (కొనేవాళ్లకు ముందే తెలపాల్సిన విషయాల పత్రాలు) చదవండి. ఆ ప్రతిపాదన వాటిలో ఉంటే 'మాకు చెప్పలేదు' అన్న వాదన నిలవదు. ఒప్పందంలో, మీరు వెనక్కి తగ్గితే అమ్మకందారు ఎంత సొమ్ము ఉంచుకోవచ్చో చెప్పే నష్టపరిహారం నిబంధన పక్కన విడిగా ఇనీషియల్స్ వేశారో లేదో చూడండి. సొంతంగా ఉండటానికి కొన్న ఇంటికి ఆ నిబంధన కింద అమ్మకందారు ఉంచుకునే సొమ్ము ధరలో 3 శాతం దాటితే, అది సబబేనని నిరూపించాల్సిన భారం అమ్మకందారు మీద పడుతుంది. లోన్ కండిషన్ (లోన్ రాకపోతే తప్పుకోవచ్చన్న షరతు) గడువు దాటకముందే రియల్ ఎస్టేట్ లాయరుకి కాగితాలు చూపించండి.