అల్లుడూ, ఇంటర్‌సెప్టరా, సూపర్ మీటియోరా?

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

రాయల్ ఎన్‌ఫీల్డ్ బైకుల్లో ఇంటర్‌సెప్టర్ 650 తీసుకోవాలా, సూపర్ మీటియోర్ 650 తీసుకోవాలా అని అడిగావు. ముందు ఒకటి తెలుసుకో. రెండింట్లో ఉన్న ఇంజిన్ ఒక్కటే. 648 సీసీ, పక్కపక్కన రెండు సిలిండర్లు, గాలికీ ఆయిల్‌కీ చల్లబడే రకం, ఆరు గేర్లు. పవర్ 47 హార్స్‌పవర్ చుట్టుపక్కల, టార్క్, అంటే తిప్పే బలం, 52 న్యూటన్ మీటర్లు. పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్, 270 డిగ్రీలది కాబట్టి రెండు సిలిండర్లలోనూ పెట్రోలు సమాన వ్యవధిలో కాకుండా కాస్త ఎగుడుదిగుడుగా మండుతుంది. ఆ దడదడ అందుకే, అది రెండు బళ్లలోనూ ఉంటుంది. కనుక ఏది బలమైన బండి అనే వీడియోలు చూస్తూ రాత్రిళ్లు మేలుకోకు. తేడా అంతా ఆ ఇంజిన్‌ని ఏ ఫ్రేములో పెట్టారు, నిన్ను దాని మీద ఎలా కూర్చోబెట్టారు అన్నదాంట్లోనే ఉంది.

నీ ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. ఇంటర్‌సెప్టర్ సీటు నేల నుంచి 804 మిల్లీమీటర్లు, సూపర్ మీటియోర్‌ది 740. ఆరున్నర సెంటీమీటర్ల తేడా కాగితం మీద చిన్నదే, జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర మాత్రం చాలా పెద్దది. సూపర్ మీటియోర్ మీద నీ రెండు పాదాలూ మడమలతో సహా నేలకి ఆనతాయి. ఇంటర్‌సెప్టర్ మీద మునివేళ్లు, మహా అయితే పాదం ముందు సగం ఆనుతుంది. పైగా దాని ఫుట్‌రెస్టులు సరిగ్గా మనం కాలు దించే చోటే ఉంటాయి. ట్రాఫిక్‌లో బండిని కాళ్లతో తోసుకుంటూ పోతుంటే ముంగాలికో పిక్కకో టకటకా తగులుతాయి. కొన్న మొదటి వారంలోనే కాళ్ల మీద కమిలిన మచ్చలు పడతాయి. కాళ్లు కొంచెం ఎడంగా దించడం అలవాటైతే తగ్గుతుంది గానీ, పొట్టివాళ్లకి కాళ్లు ఎడం చేసినకొద్దీ నేల ఇంకా దూరమవుతుంది. అది చూసుకో.

అయితే సీటు ఎత్తు చూసి వెంటనే సూపర్ మీటియోర్ వైపు మొగ్గకు. బరువు కూడా చూడాలి. పెట్రోలూ ఆయిలూ నింపాక ఇంటర్‌సెప్టర్ దాదాపు 218 కేజీలు, సూపర్ మీటియోర్ 241. అంటే పాతిక కిలోల బియ్యం బస్తా ఒకటి ఎప్పుడూ బండి మీదే ఉన్నట్టు. బండి మీద కూర్చున్నంతసేపూ సీటు కిందికి ఉండడం వల్ల ఆ బరువు తెలియదు. దిగి తోసేటప్పుడే తెలుస్తుంది. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు కార్ల మధ్య నుంచి బండిని రోజూ వెనక్కి లాగాలి కదా, అక్కడ లెక్కలోకి వచ్చేది బరువే. ఏ బండి కొన్నా దాని ముఖం పల్లానికి పెట్టి గోడకి ఆనించి ఆపకు. రివర్స్ గేరు లేదు, ఎగువకి ఒక్కడివే లాగలేవు.

చక్రాల మధ్య దూరం ఇంటర్‌సెప్టర్‌కి సుమారు 1400 మిల్లీమీటర్లు, సూపర్ మీటియోర్‌కి 1500. సూపర్ మీటియోర్‌లో ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కూడా ఎక్కువ వాలి ఉంటుంది, ముందు చక్రం 19 అంగుళాలు. అందుకే విజయవాడ హైవే మీద గంటకి 90లో అది గీత గీసినట్టు పోతుంది, చెయ్యి అలిసిపోదు. అదే గుణం కూకట్‌పల్లి సందులో యూటర్న్ తీసుకునేటప్పుడు ఎదురు తిరుగుతుంది. ఇంటర్‌సెప్టర్ ఒక్క ఊపులో తిరిగే చోట దీన్ని ఒకసారి ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ తిప్పాలి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. దీన్ని షోరూమ్‌లో ఎవరూ చెప్పరు. ఇంటర్‌సెప్టర్ అడుగుభాగం నేలకి 174 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది, సూపర్ మీటియోర్‌ది 135 మాత్రమే. నువ్వూ అక్కయ్యా (మీ అమ్మ) ఎక్కి కూర్చుంటే సస్పెన్షన్ రెండు మూడు సెంటీమీటర్లు అణుగుతుంది. మిగిలేది పది పదకొండు సెంటీమీటర్లే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. అలా కడితే ఏ ఇబ్బందీ లేదు, అంత వెడల్పులో రెండు చక్రాలూ గుట్ట మీదే ఉంటాయి, మధ్యలో పొడుచుకొచ్చేది సెంటీమీటరున్నరే. మన కాలనీల్లో పోసేవి అలా ఉండవు. అరమీటరు వెడల్పున సిమెంటు కుప్పలా పోస్తారు. ముందు చక్రం దాటి దిగింది, వెనక చక్రం ఇంకా ఎక్కలేదు, కుప్ప మొత్తం ఇంజిన్ కిందికి వచ్చింది. అప్పుడు గర్రుమని రాసుకుంటుంది. రాసుకునేది ఫ్రేము గొట్టమైతే రంగు పోవడంతో సరి. ఇంజిన్ ఆయిల్ దించే డ్రైన్ బోల్టు దగ్గర తగిలితే మటుకు ఆయిల్ కారుతుంది.

కాబట్టి కొలత టేపు తీసుకుని మీ వీధిలో ఉన్న ప్రతి స్పీడ్ బ్రేకర్‌నీ కొలువు. రోడ్డుకి అడ్డంగా కాదు, బండి వెళ్లే దిక్కున. ఒకటిన్నర మీటరు పొడవున్న తిన్నని కర్రని కుప్ప శిఖరం మీద సమంగా నిలిపి, రెండు చివరల నుంచి నేలకి ఎంత ఉందో చూడు. రెండు వైపులా సగటు 9 సెంటీమీటర్ల లోపుంటే సూపర్ మీటియోర్ ఇద్దరితో దాటుతుంది. 10 దాటితే రోజూ అక్కయ్యని దింపి దాటించాలి. ఆవిడ మోకాళ్ల నొప్పితో అది అయ్యే పని కాదు.

అక్కయ్య విషయం వచ్చింది కనుక అదీ చెబుతాను. సూపర్ మీటియోర్ ఎక్కడం సులువు, కాలు అంత పైకి ఎత్తక్కర్లేదు. కానీ మామూలు రకంలో వెనక సీటు చిన్నది, వీపుకి ఆసరా ఉండదు. సెలెస్టియల్ అనే టూరర్ రకంలో పెద్ద సీటు, వెనక బ్యాక్‌రెస్టు, ముందు విండ్‌స్క్రీన్ కంపెనీ నుంచే వస్తాయి. ఆవిడని ఎక్కించుకునే పనైతే తీసుకోవాల్సింది అదే. ఇంటర్‌సెప్టర్‌లో సీటు బల్లలా పొడుగ్గా, చదునుగా ఉంటుంది. వెనకాలవాళ్లకి చోటు బాగానే ఉంటుంది గానీ ఆ మెత్త గంట దాటితే గట్టిపడినట్టు అనిపిస్తుంది. టూరింగ్ సీటు వేయించుకోవడానికి డబ్బు ముందే పక్కన పెట్టుకో.

వానాకాలంలో గుంతల సంగతి. సూపర్ మీటియోర్ మీద కాళ్లు ముందుకి చాపి కూర్చుంటావు. గుంత కనిపించినప్పుడు ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడదామంటే కుదరదు, పాదాలు ఒంటి కింద లేవు కదా. ఆ దెబ్బంతా నడుముకే. ఇంటర్‌సెప్టర్ మీద కొంచెం లేస్తే చాలు, మోకాళ్లు దెబ్బని మింగేస్తాయి. నడుము నొప్పి ఉన్నవాళ్లు సీటు మెత్తదనం చూసి మోసపోయేది ఇక్కడే. రెండు బళ్లకీ వెనక షాక్‌అబ్సార్బర్లకి ప్రీలోడ్, అంటే స్ప్రింగు బిగుతు, అయిదు మెట్లలో మార్చుకోవచ్చు. ఒక్కడివే వెళ్లేటప్పుడు రెండో మెట్టు, అక్కయ్య ఎక్కితే నాలుగు. రెండు వైపులా ఒకే మెట్టు ఉందో లేదో చూసుకో, లేకపోతే మలుపులో బండి పక్కకి లాగినట్టు ఉంటుంది.

చక్రాలు చూడు. సూపర్ మీటియోర్‌కి అల్లాయ్ వీల్స్, ట్యూబ్‌లెస్ టైర్లు. ఇంటర్‌సెప్టర్‌లో స్పోక్ చక్రాల రకాలకి లోపల ట్యూబు ఉంటుంది. 2023లో వచ్చిన అల్లాయ్ రకాలకి మాత్రం ట్యూబ్‌లెస్. స్పోకులు అందంగా ఉంటాయి, నిజమే. కానీ మేకు గుచ్చుకుంటే ట్యూబు గాలి క్షణాల్లో పోతుంది, రెండు క్వింటాళ్ల బండి చక్రం ఊడదీయాలి, దారిలో ఉండే పంక్చర్ షాపుల్లో అందరూ ఒప్పుకోరు. ట్యూబ్‌లెస్ అయితే మేకు అలాగే ఉంచి షాపు దాకా వెళ్లొచ్చు. రోజూ ఆఫీసుకి వెళ్లేవాడివి, స్పోకుల జోలికి పోకు.

ఖర్చు రెండింటికీ ఒకే తీరు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బళ్ల మీద జీఎస్టీ 40 శాతం, అంతకు ముందు సెస్‌తో కలిపి 31 ఉండేది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కొత్త బండికి అయిదేళ్లది ఒకేసారి కట్టాలి. 2022 రేట్ల ప్రకారం 350 దాటితే 15,117 రూపాయలు, 150 నుంచి 350 లోపైతే 7,365. పన్ను అదనం. సెకండ్ హ్యాండ్ చూస్తే 2023 ఏప్రిల్ తర్వాత తయారైనది చూడు. అప్పటి నుంచి వచ్చినవి ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకి తగ్గట్టు చేసినవి. ఇప్పుడు బంకుల్లో దొరికేది అదే.

మైలేజీ నగరంలో లీటరుకి 20, 22, హైవే మీద నిదానంగా పోతే 27 వరకూ చూసుకో. ట్యాంకు ఇంటర్‌సెప్టర్‌ది 13.7 లీటర్లు, సూపర్ మీటియోర్‌ది 15.7. హైదరాబాద్ నుంచి విజయవాడ దాదాపు 275 కిలోమీటర్లు, రెండూ నిండు ట్యాంకుతో చేరతాయి.

కొన్నాక చెయ్యాల్సినవి. మొదటి 500 కిలోమీటర్లు ఒకే వేగంలో పట్టి ఉంచకు. నాలుగువేల ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) లోపల పెంచుతూ తగ్గిస్తూ నడుపు, పై గేరులో ఇంజిన్‌ని మూలిగించకు. 500కి మొదటి సర్వీసు, ఆయిల్ మార్పు తప్పదు. ఆయిల్ 10డబ్ల్యూ-50 గ్రేడు. డబ్బా మీద జాసో ఎంఏ2 అని, అంటే బైకు క్లచ్‌కి సరిపడే ఆయిల్ అన్న గుర్తు, రాసి ఉందో లేదో చూడు, కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. ఎండాకాలం ట్రాఫిక్‌లో కాళ్లకి సెగ తగులుతుంది, రెండింటికీ ఇది తప్పదు. సిగ్నల్ నిమిషం దాటేలా ఉంటే ఇంజిన్ ఆపెయ్. ముందున్న ఆయిల్ కూలర్ రెక్కల్లో బురద పేరుకుంటే వేడి ఇంకా పెరుగుతుంది. దాన్ని మెత్తటి బ్రష్షుతో, మామూలు నీళ్లతో కడుగు. ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి.

చైన్ విషయంలో బద్ధకించకు. 500 కిలోమీటర్లకి ఒకసారి, వానలో తిరిగితే మర్నాడే, కిరోసిన్‌తో తుడిచి లూబ్ కొట్టు. పెట్రోలు వాడకు, చైన్ లింకుల మధ్య ఉండే రబ్బరు ఓ-రింగులు పాడవుతాయి. ఇంటర్‌సెప్టర్‌కి మెయిన్ స్టాండ్ ఉంటుంది, చక్రం తిప్పుతూ పని కానిచ్చేయొచ్చు. సూపర్ మీటియోర్‌కి కంపెనీ నుంచి రాదు, వెనక చక్రాన్ని ఎత్తి నిలబెట్టే ప్యాడాక్ స్టాండ్ కొనుక్కోవాలి. మెకానిక్కులు శబ్దం రాకూడదని చైన్ బిగించేస్తారు. మనిషి కూర్చుంటే వెనక చక్రం పైకి లేచి చైన్ ఇంకా బిగుస్తుంది, ఆ లాగుడంతా గేర్‌బాక్సు బయటి బేరింగు మీద పడుతుంది. అందుకని బిగించాక అక్కయ్యనీ నిన్నూ కూర్చోబెట్టి, వేరొకరిని చైన్ అడుగున మధ్యలో వేలితో ఎత్తి చూడమను. అప్పుడు కూడా కాస్త ఆడాలి.

మన లైసెన్సులో సీసీ పరిమితి లేదు కనుక 125 నడిపిన చేతులతోనే దీన్ని ఎక్కేస్తారు. నువ్వు అలా చెయ్యకు. ఖాళీ మైదానంలో 40 వేగం నుంచి రెండు బ్రేకులూ కలిపి గట్టిగా పట్టి ఆపడం ఇరవై సార్లు చెయ్యి. చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పని చేసేటప్పుడు లివరు వేళ్ల కింద వణుకుతుంది, భయపడి వదిలెయ్యకూడదు.

నువ్వు వెళ్లేది రోజుకి పాతిక ముప్పై కిలోమీటర్లు, అదంతా గచ్చిబౌలి ట్రాఫిక్. విజయవాడ ప్రయాణం నెలకొకసారి. నా మాట వింటే అల్లాయ్ చక్రాల ఇంటర్‌సెప్టర్ తీసుకో. ఎత్తు ఇబ్బంది పెడితే సీటు మెత్త కాస్త చెక్కించి తగ్గించుకోవచ్చు. అడుగుభాగం ఎత్తు పెంచడం అంత తేలిక కాదు. ఒకవేళ టెస్ట్ రైడ్‌లో నీ మునివేళ్లకి కూడా నేల అందక బండి ఒరుగుతుందేమోనన్న బెదురు పోకపోతే, అప్పుడు సెలెస్టియల్ గురించి ఆలోచిద్దాం. టెస్ట్ రైడ్‌కి ఆదివారం ఖాళీ రోడ్డు మీద కాదు, సోమవారం ఉదయం తొమ్మిదికి వెళ్లు. అక్కయ్యని వెంట తీసుకెళ్లు. ఎక్కడం, దిగడం మూడుసార్లు చేయించు.

ముందుగా ఆ స్పీడ్ బ్రేకర్లు కొలిచి, అన్నిటికన్నా ఎత్తైనది ఎంత వచ్చిందో ఫోన్ చేసి చెప్పు.

మీ మామయ్య