ఒసాకాలో నలుగురం కలిసి ఒకోనోమియాకి అనే జపాన్ క్యాబేజీ అట్టు తినాలనుకుంటున్నాం, ఒకరు శాకాహారి. ఎలా చెప్పుకోవాలి, మనమే వండుకోగలమా?

నేను ఒసాకాలోనే ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసులో శుక్రవారం సాయంత్రం ఎక్కడికైనా వెళ్దామంటే ఎక్కువగా టేబుల్ మధ్యలో ఇనప పెనం ఉండే ఇలాంటి చోటికే వెళ్తాం, కాబట్టి రోజూ చూసేదే చెబుతాను.

అన్నిటికంటే ముందు, తలా ఒకటి ఆర్డర్ చేయకండి. నలుగురికి రెండు ఒకోనోమియాకీలు, ఒక ప్లేటు యాకిసోబా నూడుల్స్ చెప్పండి, అవి అయ్యాక ఆకలుంటే ఇంకోటి. మామూలు హోటల్లో ఒక్కోటి వెయ్యి యెన్ల చుట్టూ ఉంటుంది. నాలుగూ ఒకేసారి వేస్తే పెనం మీద చోటు చాలదు, పైగా ఎవరిది వాళ్లు చూసుకుంటూ కూర్చుంటారు. ఒకటే మధ్యలో కాలుతుంటే, తిప్పాలా వద్దా అని అందరూ దాన్నే చూస్తూ కబుర్లు చెప్పుకోవడం ఉంది చూడండి, నాకైతే తిండి కంటే అదే ఇష్టం.

వండటం సంగతికొస్తే, కొన్ని చోట్ల వాళ్లే వచ్చి మీ టేబుల్ దగ్గర కాల్చి ఇస్తారు, అక్కడ వాళ్లు సరే అనేదాకా గరిటె పెట్టకండి. మనమే చేసుకునే చోట ఒక గిన్నె తెచ్చి పెడతారు: సన్నగా తరిగిన క్యాబేజీ, అడుగున గోధుమ పిండి జారు, పైన గుడ్డు. పిండిలో చాలాచోట్ల నాగఇమో అనే దుంప తురిమి కలుపుతారు, లోపల మెత్తగా ఉండేది అందుకే. సరిగ్గా పెనం మీద వేయబోయేటప్పుడే కింద నుంచి పైకి, గాలి తగిలేలా కలపండి, ముందే కలిపి ఉంచితే క్యాబేజీ నీరు వదులుతుంది. రెండు సెంటీమీటర్ల మందాన గుండ్రంగా పోసి, పైన పంది మాంసం ముక్కలు పరిచి, అయిదారు నిమిషాలు కదపకుండా వదిలేయండి. మన మినప రొట్టెకి కావాల్సిన ఓపికే దీనికీ కావాలి. తిప్పాక చాలామందికి అట్లకాడతో నొక్కాలనిపిస్తుంది, దయచేసి నొక్కకండి, లోపలి ఆవిరంతా పోయి గట్టిపడుతుంది. మా టేబుల్ దగ్గర తిప్పే పని ఒసాకాలో పుట్టి పెరిగిన ఒక సహోద్యోగిది, ఇంకెవరు గరిటె పట్టుకున్నా ఆయన ఒప్పుకోరు, తిప్పేటప్పుడు అందరూ ఒక్క క్షణం మాటలాపి చూస్తాం. అయ్యాక సాస్, మయొనైజ్, అఒనొరి అనే నాచు పొడి, ఎండు చేప రేకులు వేసి, కేకులా కాకుండా గళ్లుగళ్లుగా చతురస్రాలు కోస్తారు. స్థానికులు చిన్న ఇనప గరిటెతోనే పెనం మీంచి తింటారు, కానీ అది కాలుతుంది, మొదటిసారి ప్లేటులోకి తీసుకుని తినండి. ఇక హిరోషిమా పద్ధతి వేరు, అక్కడ పలచని అట్టు మీద క్యాబేజీ, నూడుల్స్ పొరలుగా పేరుస్తారు, అది వండేవాళ్ల చేతికే వదిలేయాలి.

మాంసం విషయంలో జాగ్రత్త. మామూలుగా వచ్చేది పంది మాంసమే. అది వద్దంటే రొయ్యలు, స్క్విడ్ వేసినవి దొరుకుతాయి. ఉల్లికాడలతో చేసే నెగియాకి చూడటానికి శాకాహారంలా ఉంటుంది గానీ, అందులో తరచుగా సుజి, అంటే ఉడికించిన గొడ్డు మాంసపు స్నాయువు ముక్కలు వేస్తారు.

మీ శాకాహారి స్నేహితుడి గురించి మాత్రం మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఏదో ఒక హోటల్లోకి వెళ్లి మాంసం తీసేయమంటే సరిపోదు. పిండిలోనే దాషి అనే చేప రసం ఉంటుంది, అది ముందే కలిపేసి ఉంటుంది కాబట్టి తీయడం కుదరదు. సాస్‌లో కూడా మాంసం, చేపల సారం ఉండొచ్చు. ‘కత్సుఒబుషి నాషి దె’ అంటే పైన చల్లే చేప రేకులు మానేస్తారు, అంతవరకే. మా గుంటూరు స్నేహితురాలు శాకాహారి, ఆమె వచ్చే రోజు దాషి, గుడ్డు లేని పిండితో వేరే పెనం మీద చేసిచ్చే చోటు ముందుగా ఫోన్ చేసి కనుక్కుని అందరం అక్కడికే వెళ్తాం. ఒక మనిషి పక్కన కూర్చుని కోక్ తాగుతూ చూడటం నాకు అసలు నచ్చదు. మీరు బస చేసిన హోటల్ రిసెప్షన్‌లో అడిగితే వాళ్లే ఫోన్ చేసి పెడతారు.

సాయంత్రం ఆరు లోపే వెళ్లండి, తర్వాత నలుగురికి ఒకే టేబుల్ దొరకడం కష్టం. కోట్లు, బ్యాగులు కూర్చునే స్టూలు మూత తీసి లోపల పెట్టుకునే ఏర్పాటు చాలాచోట్ల ఉంటుంది, పెట్టేయండి, లేకపోతే సాస్ వాసన రెండు రోజులు వదలదు.